ఆగి ఉన్న బొమ్మ, ఆగిపోయిన బొమ్మ, ఆపేసిన బొమ్మ

పేరున్న చిత్రకారుడు పోయాక స్టూడియో తలుపులు తీస్తే, గోడకు ఆనించిన కాన్వాసులు వరుసగా బయటపడతాయి. ఒకదాని మీద బొగ్గు గీతలు తప్ప ఏమీ ఉండదు. ఇంకోదాంట్లో ముఖం పూర్తయింది, చేతులు మాత్రం గోధుమరంగు మరకల్లాగే ఉన్నాయి. మరొకటి చూడటానికి నిండుగానే ఉంది గానీ సంతకం లేదు. ప్రదర్శన పెట్టినా, వేలానికి వచ్చినా, వార్తల్లో వీటన్నిటికీ దక్కేది ఒక్కటే పేరు: అసంపూర్తి చిత్రం. చిక్కంతా ఆ పేరులోనే ఉంది. ఆ ఒక్క మాట కింద కనీసం ఐదు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి.

మన క్రియాపదాలు ఈ తేడాలను ఇంతకంటే బాగా పట్టుకుంటాయి. బొమ్మ "ఆగి ఉంది" అంటే రంగు ఆరడానికో, మోడల్ మళ్లీ వచ్చి కూర్చోవడానికో ఎదురుచూస్తోందని. "ఆగిపోయింది" అంటే చావో, యుద్ధమో, డబ్బు అందకపోవడమో, ఏదో చిత్రకారుడి చేతిలో లేనిది అడ్డుపడిందని. "వదిలేశాడు" అంటే కుదరక పక్కన పడేశాడని. "ఆపేశాడు" అంటే ఇక్కడితో చాలనుకుని కుంచె దించాడని. "అలాగే ఉంచుకున్నాడు" అంటే అసంపూర్తిగా ఉండటమే తనకు పనికొచ్చిందని. గోడకు తగిలించాక ఈ ఐదూ ఒకేలా కనిపించొచ్చు. విడదీయాలంటే బొమ్మ ఎలా తయారవుతుందో ముందు తెలియాలి.

బొమ్మ లేచేది అడుగు నుంచి

నూనె రంగుల చిత్రాన్నే తీసుకుందాం, స్టూడియోల్లో ఏళ్లతరబడి మిగిలిపోయేవి ఎక్కువగా అవే. ముడి కాన్వాసు మీద నేరుగా రంగు వేస్తే నూనె దారాల్లోకి ఇంకి, కొన్నేళ్లకు గుడ్డ పెళుసైపోతుంది. అందుకే ముందు జిగురు పూత, దాని మీద తెల్లటి ప్రైమర్. చాలామంది ఆ తెలుపు మీద గోధుమ రంగో, బూడిద రంగో పల్చగా పులుముతారు. కారణం తేలికే: తెల్లటి నేల మీద ఏ మధ్యస్థపు రంగు వేసినా ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది, దాంతో చెయ్యి తప్పుతుంది. నేల మధ్యస్థంగా ఉంటే వెలుగుకూ నీడకూ రెండువైపులా చోటు దొరుకుతుంది.

ఆ తర్వాత బొగ్గుతోనో, పల్చటి రంగుతోనో గీత. గీత మీద వెలుగునీడలను మాత్రమే చూపే ఒకే రంగు అడుగు పూత. దాని మీద పెద్ద పెద్ద రంగు ముద్దలు. ఆ పైన ఆకారాలు తేలడం, అంచులు కొన్నిచోట్ల పదునెక్కడం, కొన్నిచోట్ల కరిగిపోవడం. చివర్లో కింది రంగు కనిపించేలా పారదర్శకమైన పూతలు, మెరుపు చుక్కలు.

ఈ పొరలను విప్పి చూపే బొమ్మ ఒకటి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. మైకెలాంజెలో యువకుడిగా ఉన్నప్పుడు మొదలుపెట్టి వదిలేసిన ఆ చిత్రానికి మాంచెస్టర్ మడోన్నా అని పేరు. ఇది నూనె కాదు, గుడ్డు సొనతో కలిపిన రంగు, పైగా చెక్క మీద. అయినా పొరల లెక్క ఇందులోనే స్పష్టంగా కనిపిస్తుంది. కుడివైపు దేవదూతల ఒంటికి ప్రాణమున్న చర్మపు రంగు వచ్చింది. ఎడమవైపు ఇద్దరు మాత్రం ఆకుపచ్చ మట్టిరంగులోనే నిలబడిపోయారు. అప్పటి పద్ధతి అదే: చర్మానికి ముందు ఆకుపచ్చ వేసి, దాని మీద గులాబి రంగు పూతలు వేస్తే నీడల్లో ఆ పచ్చదనం లోపలి నుంచి చల్లగా తొంగిచూస్తుంది. పూర్తయిన బొమ్మలో ఆ పచ్చని మనం చూడం, చూసినా గుర్తుపట్టం. ఇక్కడ ఎడమ దూత నుంచి కుడి దూత వైపు కళ్లు కదిపితే చాలు, కొన్ని వారాల పని ఒక్క చూపులో తెలిసిపోతుంది.

60×75 సెంటీమీటర్ల కాన్వాసు, ఆరు విడతల పని

ఒక ముఖచిత్రాన్ని లెక్కకు పెట్టుకుందాం. మొదటి రోజు నేలకు పల్చటి గోధుమ పూత, టర్పెంటైన్ కలిపిన, ముదురు గోధుమ మట్టిరంగైన బర్న్ట్ అంబర్‌తో. రెండో విడతలో గీత, నీడలు. ఇందులో నూనె తక్కువ, అంబర్‌లో ఉండే మాంగనీసు రంగును త్వరగా ఆరనిస్తుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పని చేయొచ్చు. మూడో విడతలో రంగు ముద్దలు: నుదురు, చెంప, మెడ, వెనుక గోడ, చొక్కా, అన్నీ ఒకేసారి, ఏదీ వివరంగా కాదు. ఇప్పుడు కనీసం నాలుగైదు రోజులు ఆగాలి. టైటానియం వైట్, ఐవరీ బ్లాక్, అలిజరిన్ క్రిమ్సన్ ఎక్కువ వాడితే వారం, పది రోజులు పట్టొచ్చు. నాలుగో, ఐదో విడతల్లో ముఖం తేలుతుంది. ఆరో విడతలో చివరి పూతలు, కంటిలో చుక్క, సంతకం. కుంచె ఆడేది మొత్తం కలిపి 20 గంటలు కూడా ఉండకపోవచ్చు. బొమ్మ మాత్రం నెలన్నర స్టూడియోలో ఉంటుంది. వార్నిష్ ఇంకా తర్వాత: పల్చటి పూతలకు ఆరు నెలలు, మందపు పూతలకు ఏడాది దాకా ఆగమంటారు.

అంటే, పని చేసే చిత్రకారుడి స్టూడియోలో ఏ రోజు లెక్కపెట్టినా పూర్తికాని బొమ్మలే ఎక్కువ ఉండాలి. ఒకటి ఆరుతుంటే ఇంకోదాని మీద పని నడుస్తుంది. ఐదారు కాన్వాసులు వేర్వేరు దశల్లో ఉండటం క్రమశిక్షణకు గుర్తు. బయటివాళ్లకు అదే చెల్లాచెదరుగా కనిపిస్తుంది.

ఆరడం అన్న మాట వెనుక

నీటిరంగు ఆరడమంటే నీరు ఆవిరైపోవడం. నూనె రంగు అలా ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, గట్టి పొరగా మారుతుంది. మొదట్లో దాని బరువు కొంచెం పెరుగుతుంది కూడా. పైన చేతికి అంటకపోయినా లోపల ఈ మార్పు నెలలు, ఏళ్లు సాగుతుంది.

చిత్రకారులంతా పాటించే ఒక సూత్రం ఇక్కడి నుంచే వచ్చింది: కింద నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. నెమ్మదిగా ఆరే, నూనె ఎక్కువున్న పొర కింద ఉండి, త్వరగా గట్టిపడే పొర పైన పడితే, కిందిది ఇంకా కదులుతుంటే పైది సాగలేక బీటలు వారుతుంది. ఆ బీటలు మరుసటి వారం కనిపించవు. చాలా ఆలస్యంగా, ఎవరూ ఊహించనప్పుడు బయటపడతాయి.

ఆక్రిలిక్ సంగతి వేరు. నీరు పోగానే ప్లాస్టిక్ పొర బిగుస్తుంది, పల్చటి పూత అరగంటలోపే ఆరుతుంది. అందుకే ఆక్రిలిక్ బొమ్మ స్టూడియోలో ఆగి ఉంటే "రంగు ఆరాలి" అన్న జవాబు చెల్లదు. అక్కడ ఆగింది చిత్రకారుడి మనసే.

మూడు నెలల తర్వాత తిరిగి పట్టుకుంటే

పక్కన పెట్టిన బొమ్మను మళ్లీ ఈజిల్ మీదికి తెస్తే మొదట కనిపించేది మచ్చలు. ముదురు రంగుల చోట మెరుపు పోయి, సుద్దలా పాలిపోయి ఉంటుంది. పై పొరలోని నూనెను కింది పొర పీల్చేసుకుందన్నమాట. ఆ పాలిన నలుపును చూసి దానికి తగ్గట్టు కొత్త రంగు కలిపితే, వార్నిష్ వేసిన రోజు పాత చోటు ముదురుగా, కొత్త చోటు తేలిగ్గా తేలిపోతాయి. అందుకే ముందు చాలా కొద్దిగా నూనె రుద్ది, మిగిలింది గుడ్డతో తుడిచేసి, అసలు రంగు పైకి వచ్చాకే కలపడం మొదలుపెడతారు.

రెండో ఇబ్బంది పసుపు. గోడవైపు తిప్పి, చీకట్లో ఉంచిన నూనె చిత్రం పసుపెక్కుతుంది. వెలుతురు తగిలే చోట కొన్ని వారాలు ఉంచితే చాలావరకు తగ్గుతుంది. ఇది తెలియక పసుపెక్కిన తెలుపుకు జోడీ కలిపినవాళ్లు తర్వాత బాధపడతారు.

మూడోది అన్నిటికంటే కష్టమైనది, దీనికి నూనెతో పని లేదు. బొమ్మలో ఏ రంగూ ఒంటరిగా ఉండదు. చెంప రంగు సరిగ్గా ఉందా అన్నది వెనుక గోడ రంగును బట్టి ఉంటుంది. కన్ను బాగా కుదిరిందని మొదటే దాన్ని తీర్చిదిద్దేస్తే, మిగతా బొమ్మంతా ఆ కంటికి కట్టుబడిపోతుంది. తర్వాత తల కొంచెం పక్కకు జరగాలని తెలిసినా, ఆ కన్ను చెరపడానికి చెయ్యి రాదు. స్టూడియోల్లో వదిలేసిన ముఖచిత్రాల్లో ఈ లక్షణం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: ఒక చోట అపురూపమైన పని, దాని చుట్టూ ఏం చేయాలో తోచని ఖాళీ.

ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ ఈ సంగతిని అందరికంటే గట్టిగా పట్టుకున్నాడు. 1899లో కళా వ్యాపారి వొలార్డ్‌ను కూర్చోబెట్టి బొమ్మ వేశాడు. వొలార్డ్ తర్వాత రాసిన దాని ప్రకారం 115 సార్లు కూర్చోవాల్సి వచ్చింది. అయినా చేతి మీద రెండు చిన్న చోట్ల కాన్వాసు బయటికే ఉండిపోయింది. అదేమిటని అడిగితే, అక్కడ ఏదో ఒక రంగు తోచినట్టు పెడితే అక్కడి నుంచి బొమ్మంతా మళ్లీ వేసుకోవాల్సి వస్తుందన్నాడట సెజాన్. గోరంత ఖాళీ అది. దాన్ని నింపే సరైన రంగు దొరక్కపోతే ఖాళీగా ఉండటమే నిజాయితీ అని ఆయన లెక్క, నా ఉద్దేశంలో చిత్రకళ గురించి ఇంత సూటిగా చెప్పిన మాట మరొకటి లేదు.

ఆగిపోయినవి

లియొనార్డో 1481లో ఫ్లారెన్స్ దగ్గరి ఒక మఠం కోసం జ్ఞానుల ఆరాధన అనే పెద్ద చిత్రం ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది మిలాన్ వెళ్లిపోయాడు. చెక్క పలక మీద గోధుమరంగు వెలుగునీడల దశలోనే అది ఆగిపోయింది. మఠం వాళ్లు చివరికి ఫిలిప్పినో లిప్పీ చేత 1496 నాటికి ఇంకో చిత్రం వేయించుకున్నారు. ఇప్పుడు ఫ్లారెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉన్న లియొనార్డో పలక ముందు నిలబడితే, గుర్రాలు, మనుషులు ఒకరిలోంచి ఒకరు పుట్టుకొస్తున్నట్టు ఉంటారు, ఎందుకంటే ఏ గీత ఉంచాలో ఏది తీసేయాలో ఆయన ఇంకా తేల్చుకోలేదు. కళ ఎప్పటికీ పూర్తికాదు, వదిలేయడమే ఉంటుందనే వాక్యం ఆయన పేరుతో బాగా తిరుగుతుంది. దానికి మూలం 20వ శతాబ్దపు ఫ్రెంచ్ కవి పాల్ వలేరీ కవితల గురించి అన్న మాట.

అమృతా షేర్‌గిల్ 1941 డిసెంబరులో లాహోర్‌లో 28 ఏళ్లకే కన్నుమూసింది. ఇంటి మీద నుంచి కనిపించే కట్టడాలు, నల్లని గేదెలు ఉన్న చివరి చిత్రం పూర్తికాలేదు. ఆస్ట్రియా చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ 1918లో పోయినప్పుడు ఈజిల్ మీద మిగిలిన పెళ్లికూతురు చిత్రం ఇంకో రహస్యం బయటపెట్టింది: ఆయన ముందు ఒంటిని పూర్తి నగ్నంగా గీసి, ఆ తర్వాత దాని మీద నగిషీల బట్ట వేసేవాడు. కుడివైపు స్త్రీ మీద ఆ బట్ట సగం వరకే వచ్చి ఆగింది. పూర్తయి ఉంటే ఈ పద్ధతి సామాన్యుల కంటికి ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆపేసినవి, అలాగే ఉంచుకున్నవి

1965లో న్యూయార్క్ చిత్రకారిణి ఆలిస్ నీల్ సైన్యంలోకి పిలుపు వచ్చిన ఒక యువకుణ్ని కూర్చోబెట్టింది. ముఖం, ఒక చెయ్యి మాత్రమే రంగులోకి వచ్చాయి, ఒళ్లంతా ముదురు గీత. రెండోసారి కూర్చోవడానికి అతను రాలేదు. కొన్నాళ్లకు ఆమె ఆ బొమ్మ పూర్తయిందని ప్రకటించి, 1974లో విట్నీ మ్యూజియంలో తన పెద్ద ప్రదర్శనలో పెట్టింది. ఆగిపోయిన బొమ్మ ఒక నిర్ణయంతో ఆపేసిన బొమ్మ అయింది. కాన్వాసు మీద ఒక్క గీత కూడా మారలేదు.

రెంబ్రాంట్ అన్నాడని ఆయన తర్వాతి తరం రచయిత హౌబ్రాకెన్ రాసిన మాట ఒకటుంది: చిత్రకారుడు అనుకున్నది సాధించిన క్షణమే బొమ్మ పూర్తయినట్టు. దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. డబ్బిచ్చి కొనేవాడికి చేతిపని కనిపించాలి కదా అన్నది ఆ వాదన. 1878లో చిత్రకారుడు విస్లర్, విమర్శకుడు రస్కిన్ మీద లండన్‌లో వేసిన పరువునష్టం దావాలో తగవు ఇక్కడే వచ్చింది. రెండు రోజుల పనికి 200 గినీలా (అప్పటి బ్రిటిష్ డబ్బు లెక్క) అని లాయరు అడిగితే, జీవితమంతా సంపాదించిన జ్ఞానానికి అన్నాడు విస్లర్. కేసు గెలిచాడు, నష్టపరిహారం మాత్రం ఒక్క ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు. ఖర్చులు కూడా రాలేదు. మరుసటి ఏడాది దివాలా తీశాడు.

అసంపూర్తిగా ఉండటమే ఉపయోగపడిన సందర్భం అమెరికన్ చిత్రకారుడు గిల్బర్ట్ స్టువర్ట్‌ది. 1796లో జార్జ్ వాషింగ్టన్ ముఖం వేసి, చుట్టూ కాన్వాసును అలాగే వదిలేశాడు. బొమ్మ పూర్తయితే ఇచ్చేయాలి. పూర్తికాకపోతే దగ్గరే ఉంటుంది, దాన్ని చూసి నకళ్లు వేసి అమ్ముకోవచ్చు. అలా డజన్ల కొద్దీ వేశాడు. ఒక డాలర్ నోటు మీది ముఖానికి మూలం ఆ పూర్తికాని బొమ్మే.

కోర్టు మెట్లెక్కిన "పూర్తి"

ఈ మాటకు చట్టంలో కూడా విలువుంది. ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ 1851లో చనిపోతూ తన పూర్తయిన చిత్రాలను దేశానికి రాసిచ్చాడు. బంధువులు వీలునామాను సవాలు చేశారు. 1856లో కుదిరిన పరిష్కారంలో పూర్తయినవీ కానివీ అన్న భేదం లేకుండా ఆయన చేతి పనంతా దేశానికి చేరింది: సుమారు 300 నూనె చిత్రాలు, వేల సంఖ్యలో స్కెచ్‌లు, నీటిరంగులు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. టర్నర్ కొన్నిసార్లు దాదాపు ఖాళీ కాన్వాసును ప్రదర్శనకు పంపి, తలుపులు తెరవడానికి ముందు వార్నిష్ వేసుకోవడానికి ఇచ్చే రోజుల్లో అక్కడే నిలబడి బొమ్మ పూర్తిచేసేవాడు. కాబట్టి స్టూడియోలో దొరికిన మసక బొమ్మ వదిలేసిందా, ఆ చివరి రోజు కోసం ఆగి ఉందా అన్నది చాలాసార్లు తేల్చలేం. నోరమ్ కోట మీద సూర్యోదయం అనే చిత్రం అలాంటిదే. 1906 దాకా జనం చూడనే లేదు. చూశాక ఆయన గొప్ప పనుల్లో ఒకటిగా చేర్చుకున్నారు.

ఫ్రాన్స్‌లో కోర్టులు ఇంకో వైపు నుంచి వచ్చాయి. డబ్బు తీసుకుని వేసిన ఒక ముఖచిత్రాన్ని విస్లర్ ఇవ్వనన్నప్పుడు, డబ్బు తిరిగివ్వాలి గానీ బొమ్మ అప్పగించమని చిత్రకారుణ్ని బలవంతపెట్టలేమని 1897లో పారిస్ అప్పీలు కోర్టు తేల్చింది. ఫ్రెంచ్ చిత్రకారుడు షార్ల్ కామ్వాన్ చించి పారేసిన కాన్వాసులను ఎవరో ఏరి, అతికించి అమ్మితే, ముక్కలు ఎవరి దగ్గరున్నా వాటిని మళ్లీ బొమ్మగా లోకానికి చూపే హక్కు చిత్రకారుడిదేనని 1931లో అదే స్థాయి కోర్టు చెప్పింది. బొమ్మ ఎవరిదన్నది ఒక ప్రశ్న, బొమ్మ బయటికి రావచ్చా అన్నది ఇంకో ప్రశ్న.

మరొకరు పూర్తిచేయొచ్చా, అసలు చూపొచ్చా

వెనిస్ చిత్రకారుడు టిషియన్ 1576లో పోయినప్పుడు తన సమాధి కోసం వేస్తున్న పియెతా, అంటే చనిపోయిన క్రీస్తును తల్లి మరియ పట్టుకున్న చిత్రం, మిగిలిపోయింది. చిన్న పాల్మా అనే చిత్రకారుడు దాన్ని పూర్తిచేసి, టిషియన్ మొదలుపెట్టి వదిలినదాన్ని తాను భక్తితో ముగించానని లాటిన్‌లో బొమ్మ మీదే రాశాడు. ఆ కాలానికి అది మర్యాద. ఇప్పటి సంరక్షకులు ఆ పని చేయరు. దెబ్బతిన్న చోట, తర్వాత తీసేయడానికి వీలైన రంగుతో సర్దుతారు గానీ, చిత్రకారుడు ఖాళీగా వదిలిన చోట కుంచె పెట్టరు.

చూపడం మీద మాత్రం ఇప్పటికీ రెండు మాటలున్నాయి. చిత్రకారుడు బయటికి పంపనిదాన్ని మనం పంపడం అతని తీర్పును కాదనడమే అంటారు కొందరు. ఇందులో న్యాయముంది, ముఖ్యంగా మార్కెట్ ఒత్తిడి మీద బలహీనమైన కాన్వాసులు బయటికి వచ్చినప్పుడు. చేతి ఆలోచన కనిపించేది ఇక్కడే, దాచడం నష్టమంటారు ఇంకొందరు. ఈ ఇష్టం కొత్తది కాదు: అపెల్లిస్ లాంటి గ్రీకు చిత్రకారుల పూర్తికాని పనులను, వాటిలో గీతలూ ఆలోచనా కనిపిస్తాయి కాబట్టి, పూర్తయినవాటికంటే ఎక్కువగా మెచ్చుకునేవారని మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాశాడు. నా మొగ్గు చూపడం వైపే, ఒక షరతుతో: పక్కన పెట్టే చీటీలో "అసంపూర్తి" అని వదిలేయకుండా, ఆగిపోయిందా, వదిలేశారా, తెలియదా అన్నది రాయాలి.

తెలుసుకునే దారులు కొన్ని ఉన్నాయి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా రంగు కింది బొగ్గు గీతను చూపుతుంది. ఎక్స్-రేలో సీసం తెలుపు తెల్లగా వెలిగి, మార్చేసిన చెయ్యో తలో కనిపిస్తుంది. ఒకే బొమ్మలో ఎన్నో మార్పులు ఉండి, పైపొర మొరటుగా ఆగితే, వదిలేసి ఉండే అవకాశం ఎక్కువ. అన్నిచోట్లా ఒకే దశలో ఉంటే పని మధ్యలో ఆగిందని అనుకోవచ్చు. సంతకాన్ని నమ్ముకోవడం కష్టం. అమ్మే రోజునే సంతకం చేసేవాళ్లున్నారు, అసలు చేయనివాళ్లూ ఉన్నారు.

సంతకం లేకపోతే ఎంత దూరం వస్తుందో చెప్పడానికి డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ వేసిన న్యూయార్క్ సిటీ 1 ఉంది. 1941 నాటిది. రంగు కాదు, కాన్వాసు మీద ఎరుపు, పసుపు, నీలం కాగితపు టేపు పట్టీలు, అటూ ఇటూ జరిపి చూసుకోవడానికి తాత్కాలికంగా అంటించినవి. ఆయన 1944లో పోయాడు, పట్టీలు అలాగే ఉన్నాయి. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియంలో దశాబ్దాలుగా వేలాడుతున్న ఈ చిత్రం తలకిందులుగా ఉండొచ్చని 2022లో అక్కడి క్యూరేటరే చెప్పింది. పట్టీలు దట్టంగా ఉన్న వైపు పైన ఉండాలని, 1944లో ఆయన స్టూడియోలో తీసిన ఫొటోలో ఈజిల్ మీద అలాగే ఉందని. అయినా తిప్పలేదు. 80 ఏళ్ల నాటి టేపు సన్నని పోగుల మీద నిలిచి ఉంది. ఇంతకాలం ఒకవైపు లాగిన బరువు ఇప్పుడు రెండోవైపు లాగితే ఊడిపోతుందని.